ఐదు కొట్టాలె, ఒక్కటి పడొద్దు

మీ ఆటల రెండు టీంలకు పాయింట్లు సమానంగ వస్తే ఏం చేస్తరు బిడ్డా? కొట్టిన గోల్స్‌లకెళ్ళి పడ్డ గోల్స్ తీసేస్తరు, ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్ళు పైన. మా కాలంల లెక్క వేరే ఉండె. కొట్టిన గోల్స్‌ను పడ్డ గోల్స్‌తోని భాగించేది. వచ్చిన అంకె ఎవరిది పెద్దగుంటే వాళ్ళది గెలుపు. ఈ భాగారంల ఒక మెలిక ఉన్నది. మంచి టీంకు ఒక్క గోల్ పడితే, దాన్ని పూడ్చనీకి మూడో నాలుగో గోల్స్ కొట్టాల్సొస్తది. 1947ల సోవియట్ దేశంల లీగ్ మొత్తం ఆఖరికి ఈ మెలిక కాడికొచ్చి ఆగింది. ఆ ముచ్చట చెప్త. జర దగ్గరికి జరుగుండ్రి, చలి పెడ్తున్నది.

నేను చదువుకోనీకి మాస్కో పోయింది 60లల్ల. మా హాస్టల్ల కింద తలుపు కాడ తాళాల గుత్తి పెట్టుకొని ఒక ముసలాయన కూసునేటోడు. స్టాలిన్‌గ్రాద్ల యుద్ధం చేసొచ్చిన మనిషి. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. బయట మంచు కురిసే రాత్రుల్ల ఆయన కుర్చీ పక్కనున్న రేడియేటర్ కాడికి పోయి మేం చేతులు కాపుకునేది. ఆయన గ్లాసుల నల్ల చాయ్ పోసుకొని, చక్కెర ముక్క పండ్ల నడుమ పెట్టుకొని ముచ్చట మొదలువెట్టేది. నేను హైదరాబాదోన్నంటే ఆయనకు ఆ ఊరు ఏడున్నదో తెల్వదు. కని మాది ఫుట్‌బాల్ ఊరు అని చెప్తే మనిషి మారిపోయిండు. అబద్ధం చెప్పలే బిడ్డా. మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు బొంబాయి పోయి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. ఆ టీంను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిల పంతులు పని చేసినాయన. ఆయన పేరు మా గల్లీల చిన్న పోరగాండ్లకు కూడ తెలుసు. ఆ రహీం సాబ్ పేరు ఈ ముచ్చట్ల మల్లొస్తది.

ముందు అక్కడి టీంల సంగతి చెప్పాలె. ఆ దేశంల టీంకు సేఠ్ అనేటోడు ఉండడు. ప్రతి టీం ఏదో ఒక ఖాతాది. దినామో అంటే పోలీసులు, రహస్య పోలీసులు, ఆ శాఖది. లోకోమోతివ్ రైల్వోళ్ళది. తోర్పెదో మాస్కోల మోటారు కార్ఖాన కార్మికులది. స్పార్తాక్ వెనుక చేతిపనులోళ్ళ సహకార సంఘాలున్నయి. సైన్యం టీం పేరు అప్పట్ల త్సెడెకా, ఎర్రసైన్యం కేంద్ర భవనం అని దానర్థం. ఇప్పుడు మీరు సీఎస్‌కేఏ అని వింటరు కదా, అదే. ఆటగాండ్లందరికి సైన్యంల హోదాలుండె గనుక జనం దాన్ని లెఫ్టినెంట్ల టీం అనేది.

ఎవరు ఏ టీం దిక్కుంటరు అనేది ఆ దేశంల చిన్న ముచ్చట కాదు. ఎన్నికలొస్తే కాగితం మీద ఒక్కటే పేరుండేది, ఆ ఒక్క పేరుకే ఓటు. పేపర్ల ఏం రాస్తరో రేపటిది ఇయ్యాల్నే చెప్పొచ్చు. కని ఆదివారం స్టేడియంల కూసున్నంక నువ్వు ఎవరి దిక్కు మొత్తుకుంటవో ఎవ్వడు హుకుం చెయ్యడు, ఎవరు గెలుస్తరో ఎవ్వనికి తెల్వదు. యుద్ధంల కొడుకుల్ని పోగొట్టుకున్న మనుషులు, రొట్టె కార్డు జేబుల పెట్టుకొని తిరిగే మనుషులు, ఆ రెండు గంటలు తమకు నచ్చినోళ్ళ కోసం గొంతు చించుకునేది. ఆ ముసలాయన దీన్ని ఇంత విడమరిచి చెప్పలే. చెప్పే కాలం కూడ కాదది. కని దినామో పేరు తీసినప్పుడల్ల ఆయన గొంతు తగ్గేది, సైన్యం టీం పేరు తీసినప్పుడు పెరిగేది. నాకు అర్థమైంది దాంతోనే.

యుద్ధం అయిపోయిన 1945ల లీగ్ గెలిచింది దినామో. ఆ ఏడాది నవంబర్ల వాళ్ళు బ్రిటన్‌కు పోయిన్రు. మొదటి ఆట చెల్సీతోని. ఆట మొదలుగాకముందు దినామో ఆటగాండ్లు ఒక్కొక్కలు పూలగుత్తి పట్టుకొచ్చి చెల్సీ ఆటగాండ్ల చేతుల్ల పెట్టిన్రంట. ఆ ఆట 3-3. కార్డిఫ్ మీద 10-1. ఆర్సెనల్‌తోని ఆడిన్నాడు పొగమంచు ఎంతుండెనంటే ఒక గోల్ కాడ నిలబడితే ఇంకో గోల్ కనబడలే, ఆ పొగల్నే 4-3తోని గెలిచిన్రు. గ్లాస్గోల రేంజర్స్‌తోని 2-2. ఓడకుంట తిరిగొచ్చిన్రు. వాళ్ళ గోల్‌కీపర్ ఖోమిచ్‌కు పులి అని పేరొచ్చింది ఆ యాత్రలనే. తర్వాత దునియా మొత్తం పొగిడిన లెవ్ యాషిన్ ఈ ఖోమిచ్ వెనుక బెంచి మీద కూసొని పని నేర్చుకున్నోడే.

అయితే ఆ యాత్రల దినామో బట్టలేసుకొని ఆడినోళ్ళల్ల ఒకడు దినామో మనిషి కాదు. సైన్యం టీం నుంచి అడిగి తీస్కపోయిన పిలగాడు, వ్సెవొలోద్ బోబ్రోవ్. అతని గురించి చెప్తుంటే ముసలాయన కుర్చీల ముందుకు జరిగేది. బోబ్రోవ్ ఎండకాలం ఫుట్‌బాల్, చలికాలం ఐస్ హాకీ ఆడేటోడు. రెండింట్ల కూడ దేశంల మొదటి వరుస ఆటగాడు. హెల్సింకి ఒలింపిక్స్‌ల ఫుట్‌బాల్ టీంకు కెప్టెన్, నాలుగేండ్లకు చలికాలం ఒలింపిక్స్‌ల బంగారు పతకం కొట్టిన హాకీ టీంకు కెప్టెన్. ఇట్లాంటి మనిషి ఇంకోడు పుట్టలే. మోకాళ్ళు ఎన్నిసార్లు దెబ్బతిన్నా మల్ల లేచొచ్చి గోల్ కొట్టేటోడు. అతని పక్కన గ్రిగోరి ఫెదోతోవ్. అతను పెద్దోడు, నిమ్మళం మనిషి, సోవియట్ లీగ్‌ల వంద గోల్స్ దాటిన మొదటోడు. ఒకరు ఉరికెటోడు, ఒకరు ఆలోచించెటోడు. ముందల ఇద్దరు సెంటర్ ఫార్వర్డుల్ని పెట్టి ఆడిచ్చుడు అప్పట్ల కొత్త సంగతి. ఎదుటి టీంల అడ్డం నిలబడే మనిషి ఒక్కడే, ఎవర్ని పట్టుకుంటడు?

ఈ ఏర్పాటు చేసినాయన కోచ్ బోరిస్ అర్కాదియెవ్. నాకు ఆ ముచ్చటల్ల అందరికంటె ఇష్టమైన మనిషి ఆయనే. కత్తి యుద్ధం విద్య నేర్పిన మనిషి, కవిత్వం చదివెటోడు, బొమ్మలంటే ప్రాణం. ఆటగాండ్లను గద్దించకుంట, పేరు పక్కన తండ్రి పేరు కూడ కలిపి మర్యాదగ పిలిచేది. మన దగ్గర కోచ్ అంటే ఈల, బూతు, పరుగు. ఆ మనిషి బోర్డు మీద సుద్దతోని గీతలు గీసి చెప్పేది. ఫుట్‌బాల్ ఎత్తుల మీద పుస్తకం రాసిండు. ఇంకో సంగతి, అంతకుముందు 1940ల దినామోను గెలిపించింది కూడ ఆయనే. 1944ల సైన్యం దిక్కొచ్చిండు. దినామోల ఆయన కుర్చీల కూసున్నది మిఖాయిల్ యాకూషిన్, ఉపాయాల మనిషి. అట్ల అర్కాదియెవ్ చేతుల్ల పెరిగిన టీంకే ఇగ ఆయన ఎదురు నిలబడాలె.

ఆ కట్టె జర లోపటికి నూకు బిడ్డా, పొగ ఇటే వస్తున్నది.

1946ల సైన్యం టీం మొదటిసారి లీగ్ గెలిచింది. ఆ ఏడాదే అక్కడ పెద్ద కరువు. వానలు లేక పంట పోయింది, యుద్ధం ఊర్లకు ఊర్లను తినేసింది. 1947 సీజన్ మొత్తం జనం రొట్టె కార్డు మీద బతికిన్రు. కార్డులు తీసేసింది ఆ ఏడాది డిసెంబర్ల, సీజన్ అయిపోయినంక. దాంతోపాటే నోట్లు కూడ మార్చిన్రు. ఇంట్ల దాసుకున్న పది రూబుళ్ళకు కొత్త రూబుల్ ఒక్కటిచ్చిన్రు. అట్లాంటి ఏడాది దినామో స్టేడియం ఎట్లుండేదో ముసలాయన చెప్తుంటే నాకు నమ్మబుద్ధి కాలే. యాభై వేల మంది పైన పట్టే స్టేడియం. దాని పక్కనే అదే పేరుతోని మెట్రో స్టేషన్. ఆట ఉన్ననాడు ఆ స్టేషన్ల మెట్ల మీద మనిషికి కాలు మోపే జాగ దొరకకపోయేదంట. బయట గుర్రాల మీద పోలీసులు. లోపట తలలు తప్ప ఏం కనబడకపోయేది, అన్ని ఒకే తీరు బట్ట టోపీలు.

లోపటికి పోలేనోళ్ళకు రేడియో ఉండె. గోడకు నల్లగ పళ్ళెం తీరు ఉండే స్పీకర్, తీగ మీద వచ్చే ఒకటే స్టేషన్, తిప్పనీకి బిర్ర ఉండదు. దాన్లకెళ్ళి వదీం సిన్యావ్‌స్కీ గొంతు. ఆయన ఫుట్‌బాల్ చెప్తుంటే చూసినట్టే ఉండేదని అక్కడి ముసలోళ్ళందరు అనేది. యుద్ధంల రిపోర్టర్‌గ పోయి 1942ల సెవాస్తోపోల్ కాడ ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి. మిగిలిన ఒక్క కన్నుతోని దేశం మొత్తానికి ఆట చూపెట్టిండు.

ఆ సీజన్ల పదమూడు టీంలు. ఒక్కొక్కలకు 24 ఆటలు. గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. మొదటినుంచి రెండు టీంలే ముందల నడిచినయి, దినామో, సైన్యం. గోల్స్ కొట్టినోళ్ళల్ల కూడ ఎవ్వరు ఎవ్వర్ని విడిచి ముందుకు పోలే. సైన్యం నుంచి బోబ్రోవ్ 14, వలెంతీన్ నికొలాయెవ్ 14, దినామోల సెర్గెయ్ సొలొవ్యోవ్ 14. నికొలాయెవ్ పేరు యాదిపెట్టుకోండ్రి, పనికొస్తది. దినామో దిక్కు ముందల ఆడినోళ్ళల్ల కొన్‌స్తంతీన్ బెస్కోవ్ అని ఒకడున్నడు. ఆ పేరు కూడ యాదిపెట్టుకోండ్రి.

సీజన్ ఆఖరుకొచ్చింది. దినామోకు 24 ఆటల్ల 40 పాయింట్లు. కొట్టినవి 57, పడ్డవి 15. సైన్యానికి 38 పాయింట్లు, కొట్టినవి 56, పడ్డవి 16, ఇంకొక్క ఆట మిగిలున్నది. ఆ ఆట ఏడ? స్టాలిన్‌గ్రాద్ల, అక్కడి ట్రాక్టర్ కార్ఖాన టీం మీద.

ముసలాయన ఆ పేరు కాడ ఆగేది. చాయ్ తాగేది. తర్వాత ఆట సంగతి పక్కన పెట్టి నాలుగేండ్లు ఎనుకకు పోయేది. స్టాలిన్‌గ్రాద్ యుద్ధం 1943 ఫిబ్రవరి 2 నాడు ఆగింది. ఊర్ల నిలబడ్డ ఇల్లు ఎతికితే దొరకని పరిస్థితి. సరిగ్గ మూడు నెలలకు, మే 2 నాడు, ఆ ఊర్ల ఫుట్‌బాల్ ఆడిన్రు. మాస్కో నుంచి స్పార్తాక్ టీం విమానంల వచ్చింది. ఊరు దక్షిణం దిక్కు బెకెతోవ్కల ఒక చిన్న స్టేడియం బాగుచేసిన్రు. స్టాలిన్‌గ్రాదోళ్ళు యుద్ధం నుంచి మిగిలిన ఆటగాండ్లను తలా ఒక దిక్కునుంచి పిలిపించి టీం చేసిన్రు. వసిలీ ఎర్మాసోవ్ అనే గోల్‌కీపర్ నిలబడ్డడు. 1-0తోని స్పార్తాక్ ఓడిపోయింది. ఆకలితోని ఉన్న మనుషులు, నిండుగ తిని ప్రాక్టీస్ చేసిన టీం మీద గెలిచిన్రు. ముసలాయన ఆ ఆట చూడలే, అప్పటికే ఆయన ఆస్పత్రిల ఉన్నడు. ఆ వేళ్ళు పోయింది ఆ ఊర్లనే.

అంటే సైన్యం టీం ఆఖరి ఆట ఆడనీకి పోయింది అసొంటి ఊరికి. ఆ ఊరోళ్ళు ఎవ్వరికి ఊరికే ఏది ఇయ్యరు.

ఇగ లెక్క చూడుండ్రి. ముసలాయన మిగిలిన మూడు వేళ్ళతోని పెన్సిల్ పట్టుకొని చాయ్‌పత్తి డబ్బా కాగితం ఎనుక ఈ భాగారం మాకు ఏసి చూపెట్టిండు. దినామోది 57ను 15తోని భాగిస్తే 3.8. సైన్యం గెలిస్తే పాయింట్లు 40కి 40, సరి సమానం. అప్పుడు గోల్స్ లెక్క. నాలుగు సున్నతోని గెలిస్తే 60ని 16తోని భాగించాలె, 3.75. చాలదు, దినామోకే కప్పు. ఐదు సున్నతోని గెలిస్తే 61ని 16తోని, 3.8125. ఎక్కువ! ఎంత ఎక్కువ? చుక్క ఎనుక ఒకటో అంకెల కాదు, రెండో అంకెల తేడా. మరి ఒక్క గోల్ పడితే? అప్పుడు కింద అంకె 17 అయితది. 3.8 దాటాల్నంటే పైన 65 ఉండాలె. అంటే తొమ్మిది కొట్టాలె. ఐదు-సున్న కాకపోతే తొమ్మిది-ఒకటి. ఇంకోతీరు లేదు.

ఆ మాట చెప్పి ఆయన పెన్సిల్ కింద పెట్టేది. మాకెవ్వరికి ఊపిరాడకపోయేది, ఎన్నోసారి విన్నా గంతే.

ఐదు కొట్టాల్నంటే ముందుకు ఉరకాలె. ఒక్కటి పడొద్దంటే ఎనుక కాపలుండాలె. ఒకే ఆటల రెండు పనులు. మొదటి గోల్ కొట్టినంక సంబురం చేసుకునే తీరిక లేదు, నాలుగో గోల్ కొట్టినంక కూడ అది ఓటమి కిందనే లెక్క. గోల్‌కీపర్ నికనోరోవ్‌ను ఆలోచించుండ్రి. ముందల తనోళ్ళు కొడుతున్నరు, ఆయన ఒక్కడు ఎనుక నిలబడి ఉన్నడు. ఒక్క బంతి చెయ్యి జారితే ఏడాది కష్టం మొత్తం పోయినట్టు.

ఐదు కొట్టిన్రు బిడ్డా. ఒక్కటి పడలే. 5-0. ఎక్కువ లేదు, తక్కువ లేదు, ఎంత కావాల్నో అంత.

మాస్కోల సైన్యం అభిమానులు ఆ అంకె విన్నంక ముందు చేసిన పని ఆకుకాగితం తీసి భాగారం ఏసుకొనుడు అని ఆయన నవ్వుకుంట చెప్పేది. కార్ఖానల ఫోర్‌మన్ నుంచి పోరగాండ్ల దాక అందరు లెక్క పంతుళ్ళయిన్రంట ఆ రాత్రి. చుక్క తర్వాత అంకెలను అంత ప్రేమతోని ఇంకెప్పుడు ఎవ్వరు లెక్కపెట్టి ఉండరు.

ఆ మరుసటేడు, 1948ల, కథ మల్ల మొదటికొచ్చింది. ఆఖరి ఆట సెప్టెంబర్ 24 నాడు, మాస్కోల, ఈసారి దినామో, సైన్యం ఎదురెదురుగ. దినామోకు ఒక పాయింట్ ఎక్కువున్నది. సమానమైనా దినామోకే. సైన్యం గెలిస్తేనే. ముసలాయన టిక్కెట్ దొరకబట్టి లోపట కూసున్నడు. 2-1తోని సైన్యం ముందలున్నప్పుడు వాళ్ళ సొంత డిఫెండర్ కొచెత్కోవ్ కాలుకు తగిలి బంతి సొంత గోల్ల పడ్డది. 2-2. ఏండ్ల తరబడి వెనుక గోడ తీరు నిలబడ్డ మనిషి, ఆయన వల్లనే కప్పు పోయేటట్టున్నది. గడియారం తిరుగుతున్నది. ఆట అయిపోనీకి కొన్ని నిమిషాలే ఉన్నయనంగ బోబ్రోవ్ కొట్టిండు. 3-2. సైన్యం 41, దినామో 40. ముసలాయన అన్నడు, నా పక్కన కూసున్న మనిషి ఎవరో నాకు తెల్వదు, మేమిద్దరం ఒకర్నొకరం పట్టుకొని ఏడ్చినం, తర్వాత ఎవరి తొవ్వన వాళ్ళం పోయినం అని.

ఈ సంబురాల పక్కన ఇంకొక కథ నడుస్తున్నది. అది ముసలాయన చెప్పింది కాదు, తర్వాత నేను చదువుకున్నది. స్పార్తాక్‌ను నిలబెట్టింది స్తారోస్తిన్ అన్నదమ్ములు, నలుగురు. 1939ల వాళ్ళ టీం సెమీఫైనల్ల త్బిలిసి దినామోను ఓడగొట్టింది, ఫైనల్ కూడ గెలిచింది. కప్పు చేతికొచ్చినంక, సెమీఫైనల్ మల్ల ఆడాలె అని పైనుంచి హుకుం వచ్చింది. ఫైనల్ అయిపోయినంక సెమీఫైనల్! మల్ల ఆడిన్రు, మల్ల గెలిచిన్రు, 3-2. 1942ల నలుగురిని పట్టుకపోయి పదేండ్ల శిక్ష ఏసి ఉత్తరాన చలి క్యాంపులకు పంపిన్రు. కని చూడుండ్రి, పెద్దన్న నికొలాయ్ ఏ క్యాంపుకు పోతే ఆ క్యాంపు అధికారి తన టీంకు కోచింగ్ ఇయ్యమని అడిగెటోడు. స్టాలిన్ కొడుకు వసిలీ వైమానిక దళం టీం నడుపుతుండె. ఆయన విమానం పంపి నికొలాయ్‌ను క్యాంపు నుంచి మాస్కోకు తెప్పించుకున్నడు. రహస్య పోలీసుల పెద్ద బేరియా మనుషులు మల్ల ఎత్తుకపోతరని తన ఇంట్లనే, తన మంచం మీదనే పండబెట్టుకున్నడు, మెత్త కింద పిస్తోలు పెట్టుకొని. నికొలాయ్ తన జ్ఞాపకాలల్ల రాసిండు ఇది. ఒకనాడు రాత్రి పెండ్లాంపిల్లల్ని చూడనీకి కిటికీల నుంచి దుంకి ఇంటికి పోయిండు. తెల్లారేవరకు పట్టుకున్నరు. ఆ మనిషి ఇంటికి నిజంగ తిరిగొచ్చింది స్టాలిన్ పోయినంకనే.

జనం అంతగ ప్రేమించిన ఆటనే పైనున్నోళ్ళకు తమ సొంత ఆస్తి అనిపించేది. సైన్యం టీంకు జరిగింది చూస్తే అది ఇంకా తెలుస్తది.

1952, హెల్సింకి ఒలింపిక్స్. ఇక్కడనే మన రహీం సాబ్ మల్లొస్తడు. మన దేశం టీంకు కోచ్ ఆయనే. జూలై 15 నాడు మనోళ్ళు యుగోస్లావియాతోని ఆడిన్రు. మనోళ్ళల్ల ఎక్కువమంది ఉత్త కాళ్ళతోని. చలి, తడి గడ్డి. 10-1తోని ఓడినం. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టిండు. ఆ కబురు హైదరాబాద్‌కు వచ్చిన్నాడు మా నాయిన అన్నం ముట్టలే. ఆ తర్వాతనే మన దగ్గర బూట్లు లేకుంట ఆడొద్దని కాయిదా వచ్చింది.

మనల్ని కొట్టిన అదే యుగోస్లావియా ఐదు రోజులకు తాంపెరె అనే ఊర్ల సోవియట్ టీంతోని ఆడింది. కోచ్ అర్కాదియెవ్, కెప్టెన్ బోబ్రోవ్. ఇది ఉత్త ఆట కాదు. 1948ల స్టాలిన్‌కు, యుగోస్లావియా టిటోకు చెడింది, అప్పటినుంచి రెండు దేశాలు ఉప్పు నిప్పు తీరున్నయి. సోవియట్ టీం 5-1తోని ఎనుకబడ్డది. అక్కడికెళ్ళి టీం లేచింది, ఆ ఆటల బోబ్రోవ్ ఒక్కడే మూడు కొట్టిండు. 5-5. రెండు రోజులకు మల్ల ఆడిచ్చిన్రు. అప్పుడు కాళ్ళల్ల బలం లేదు, 3-1తోని ఓడిపోయిన్రు.

ఆగస్టుల హుకుం వచ్చింది. సైన్యం టీంను తీసేసిన్రు. ఆరేండ్లల్ల ఐదుసార్లు లీగ్ గెలిచిన టీంను, సీజన్ నడుస్తుండంగ, కాగితం మీద ఒక్క సంతకంతోని లేకుంట చేసిన్రు. అర్కాదియెవ్‌కున్న బిరుదు గుంజుకున్నరు. ఒలింపిక్స్‌ల ఆడినోళ్ళల్ల సైన్యం టీం మనుషులు కొద్దిమందే ఉన్నరు. బోబ్రోవ్ కూడ అప్పటికి ఆ టీంల లేడు, వసిలీ స్టాలిన్ టీంకు పోయిండు. కని తప్పు ఎవరి మీదనన్న పెట్టాలె గద. నేను ఈ ముచ్చట ఎప్పుడు చెప్పినా ఇక్కడ నాకు కోపమే వస్తది. మనం 10-1తోని ఓడొచ్చినం, మన టీంను ఎవ్వరు తీసెయ్యలే. 1955ల మన టీం మాస్కో పోయింది, అక్కడ 11-1తోని ఓడినం. ముసలాయన ఆ అంకె యాదిచేసి నా భుజం తట్టేది, ఎక్కిరించనీకి కాదు. మరుసటేడు మెల్బోర్న్ ఒలింపిక్స్‌ల అదే రహీం సాబ్ టీం నాలుగో స్థానంల నిలబడ్డది. ఓడిన టీంను కొన్నేండ్లు బతకనిస్తే అట్ల లేస్తది. సైన్యం టీంకు ఆ నాలుగేండ్లు ఇయ్యలే.

1953 మార్చిల స్టాలిన్ పోయిండు. కొడుకు వసిలీ జైలుకు పోయిండు, ఆయన టీం కూడ మాయమైంది. 1954ల సైన్యం టీంను మల్ల పెట్టిన్రు. పేరు వచ్చింది కని పాత బలం రాలే. అర్కాదియెవ్ రైల్వోళ్ళ టీంకు పోయి 1957ల వాళ్ళకు కప్పు గెలిచి పెట్టిండు. ఆ ఏడాది ఆఖర్ల ఫెదోతోవ్ చనిపోయిండు, నిండ నలభై రెండేండ్లు కూడ లేవు. బోబ్రోవ్ హాకీ కోచ్ అయి 1972ల కెనడా మీదికి సోవియట్ టీంను తీస్కపోయిండు. నేను మాస్కోల ఉన్నన్ని రోజులు సైన్యం టీం లీగ్ గెలవలే. ముసలాయన ప్రతి వసంతంల ఈసారి మాదే అనేది, ప్రతి శరత్తుల ఊకుండేది. 1963ల రహీం సాబ్ పోయిన కబురు ఇంటి నుంచి ఉత్తరంల వస్తే నేను కిందికి పోయి ఆయనకే చెప్పిన. ఆయన టోపీ తీసి ఒళ్ళ పెట్టుకున్నడు.

నేను ఇంటికొచ్చినంక, 1970 ఆఖర్ల, అక్కడున్న దోస్తు ఉత్తరం రాసిండు. సైన్యం, దినామో మల్ల సమానం, 45కి 45. ఈసారి భాగారం లేదు, మల్ల ఆడుండ్రి అన్నరు. మాస్కోల మంచు గనుక ఎచ్చగుండే తాష్కెంట్ల డిసెంబర్ 5 నాడు ఆడిన్రు, 0-0. మరునాడు మల్ల. సగం ఆటకు దినామో 3-1తోని ముందలున్నది. సైన్యం కోచ్ ఎవరనుకున్నరు? 1947ల 14 గోల్స్ కొట్టిన నికొలాయెవ్. దినామో కోచ్ ఎవరు? బెస్కోవ్. సైన్యం తిరుగబడ్డది, 3-3 చేసింది. ఆఖరి నిమిషాలల్ల నాలుగో గోల్ కొట్టి 1951 తర్వాత మొదటిసారి లీగ్ గెలిపించినోడు వ్లదీమిర్ ఫెదోతోవ్. మన గ్రిగోరి ఫెదోతోవ్ కొడుకు, బెస్కోవ్ బిడ్డను చేసుకున్న అల్లుడు. మామ టీం మీద కొట్టి, తండ్రి టీంకు కప్పు తెచ్చిచ్చిండు.